గోడకవతల దూది, గోడకివతల దగ్గు

పరుపుల షెడ్డులో ఫ్యాను ఉంది. దాన్ని ఎవరూ వేయరు. వేస్తే దూది లేస్తుంది. లేచిన దూది మళ్లీ సంచిలోకి రాదు. అందుకని మిషను తిరిగినంతసేపూ కిటికీలు మూసే ఉండాలి, తలుపు చేరేసే ఉండాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది: "ఇక్కడ గాలికి పని లేదు." ఇరవై ఏళ్లుగా ఆ మాట అక్కడ చెల్లుతూనే ఉంది. మనుషులు గాలి పీల్చుకుని బతుకుతారన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ షెడ్డులో పరుపులు కుట్టే ఒకావిడను అందరూ దబ్బనమ్మ అంటారు. చేతిలో జానెడు పొడుగు దబ్బనం, నోట్లో అంతకన్నా పొడుగు మాట. పదకొండేళ్లుగా అదే పని. నింపిన పరుపు మీద మోకాళ్లు ఆనించి, దబ్బనాన్ని ఇవతలనుంచి గుచ్చి అవతలనుంచి లాగి, దూది జరగకుండా టాకాలు వేయాలి. రోజుకు ఆరు పరుపులు. ఆమె వేసిన టాకా ఊడిందన్న మాట ఇప్పటిదాకా ఎవరూ వినలేదు. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది, ఎవరూ కాదనరు.

ఆమె భర్త అదే షెడ్డులో దూది ఏకే మిషను దగ్గర పని చేస్తాడు. హాస్టళ్లు, లాడ్జీలు, ఆస్పత్రులు పారేసిన పాత పరుపులు లారీలో వస్తాయి. వాటిని వెనక పెరట్లో చించుతారు. గడ్డకట్టిన దూదిని కర్రలతో కొట్టి విడదీస్తారు. దాన్ని అతను గంపలతో తెచ్చి మిషను నోట్లో పెడతాడు. ఎవరెవరి చెమటో, ఎన్నేళ్ల దుమ్మో, అన్నీ ఒకసారి గాల్లోకి లేచి, తెల్లటి దూది మాత్రం రెండో పక్కన బయటికొస్తుంది. లేచిన మిగతాది మనుషుల మీద వాలుతుంది. సాయంత్రానికి అతని కనుబొమలు, రెప్పలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడిపోయి ఉంటాయి.

"రోజూ ఆరింటికి మా ఇంటికో ముసలాయన వస్తాడు" అంటుంది దబ్బనమ్మ. "చెంబెడు నీళ్లు పోసుకున్నాక నా మొగుడవుతాడు."

ఇల్లంటే ఎంతో దూరం కాదు. షెడ్డు వెనక గోడనే ఆనుకుని ఒక గది. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడ పైకప్పు రేకుదాకా అందదు, పైన జానెడు సందు ఉంటుంది. గదికి ఒకటే కిటికీ, అది పాత పరుపులు కొట్టే పెరట్లోకి తెరుచుకుంటుంది. అద్దె లేదు. ఓనరు ఇచ్చిన వసతి. షరతు ఒక్కటే: ఇద్దరూ పనిలో ఉన్నన్నాళ్లే గది. పని మానితే సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. ఓనరు దీన్ని మేలు అంటాడు. ఆ గదిలో వీళ్లు ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పసిపిల్ల. మూడో పెద్ద మనిషి అత్త. వీళ్లిద్దరూ పనిలో ఉంటే పిల్లను చూసేది ఆమే.

పిల్లకు రెండేళ్ల నాలుగు నెలలు. అందరూ కూన అంటారు. ఆ పేరు పెట్టింది నాయనమ్మే. పుట్టిన ఆరో నెలలో మొదటిసారి జలుబు చేసి, ఛాతీలో పిల్లికూతలు మొదలైతే, చెవి ఆనించి విని, "ఓరి నాయనో, లోపల పిల్లికూన ఉందర్రా" అని నవ్విందట. ఆ కూన బయటికి పోలేదు. నవ్వు పోయింది.

మొన్నటి వానలు మొదలైనప్పటినుంచి నాలుగు నెలల్లో నాలుగుసార్లు. ముందు ముక్కు కారడం, మూడోరోజుకు దగ్గు, అయిదోరోజుకు జ్వరం, ఆ తరవాత పాలు కూడా తాగలేనంత ఆయాసం. మొదటి రెండుసార్లు మందులషాపులో సీసా తెచ్చారు. జ్వరం తగ్గగానే ఆపేసి, మిగిలిన సగం సీసా పైన అరలో దాచారు, మళ్లీ వస్తే పనికొస్తుందని. మళ్లీ వచ్చింది. దాచిన రెండు సీసాల్లో ఒకటి పోశారు. ఈసారి తగ్గలేదు. ఆస్పత్రిలో నెమ్ము అన్నారు, ముక్కుకు గొట్టం పెట్టి అయిదు రోజులు ఉంచుకున్నారు. ఇంటికొచ్చి నెల తిరక్కముందే నాలుగోసారి. మళ్లీ నెమ్ము. మళ్లీ గొట్టం.

నాలుగోసారి పంపించేటప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. "రెండున్నరేళ్లు నిండని పిల్ల ఇది. ప్రతిసారీ ఇలా ఊపిరితిత్తులు దెబ్బతింటుంటే, రేపు పరిగెత్తాల్సిన వయసులో మెట్లు కూడా ఎక్కలేదు. వచ్చినప్పుడల్లా మందు నేనిస్తాను. రాకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది."

దబ్బనమ్మ ఆ మాట విని తల ఊపింది. చేతుల్లో ఉన్న పని చేసి చూపించడం తప్ప ఆమెకు ఇంకోటి తెలియదు.

ఇంటికి రాగానే పిల్ల పరుపు విప్పింది.

ఆ పరుపు గురించి చెప్పాలి. కూన కడుపులో ఉండగానే కుట్టింది దాన్ని. కుట్టే మనిషి కన్నబిడ్డకు ఏమిస్తుంది, పరుపే ఇస్తుంది. మిషనులోంచి వచ్చిన దూదిలో అన్నిటికన్నా మెత్తటిది, వేళ్ల మధ్య వెన్నలా జారేది, ఏరి ఏరి దాచింది. కొత్త దూది కొనే స్తోమత వాళ్లకు లేదు, పాత పరుపుల దూదే అది. ఓనరును అడిగితే "తీసుకోమ్మా, పసిపిల్లకి కదా" అన్నాడు. పిల్లకు జబ్బు చేసిన ప్రతిసారీ ఆమె ఆ పరుపు విప్పి ఇంకో వరస దూది పరిచి మళ్లీ కుట్టేది. నేల చల్లదనం వల్లే దగ్గు వస్తోందని ఆమె నమ్మకం. నాలుగు జబ్బులకు నాలుగు వరసలు. గోడ పైన ఉన్న సందును కూడా ఆమే నిచ్చెన వేసుకుని ఎక్కి, పనికిరాని దూది పొట్టు కుక్కి మూసింది. కిటికీ రెక్కల సందుల్లోనూ అదే కుక్కింది. చలిగాలి లోపలికి రాకూడదని. షెడ్డులో పదకొండేళ్లుగా నేర్చుకున్నది అదే కదా, గాలిని రానివ్వకూడదని.

ఆమె పొరపాటు ఇది. ఆ పొరపాటులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అందుకే దాన్ని రెండేళ్లపాటు ఎవరూ పసిగట్టలేదు.

పసిగట్టింది ఆరోగ్య కేంద్రం నర్సమ్మ. పిల్లకు వేయాల్సిన టీకాలు రెండు తప్పిపోయాయని చీటీ పట్టుకుని వెతుక్కుంటూ మధ్యాహ్నంపూట గదికి వచ్చింది. దబ్బనమ్మ షెడ్డులోంచి పదినిమిషాలకని చెప్పి వచ్చింది.

"ఎందుకు వేయించలేదు?" అంది నర్సమ్మ.

"నేనే వద్దన్నాను" అంది అత్త. "ముక్కు కారుతున్న పిల్లకి సూదేంటి? దాని పీడ దానికి ఉండగా ఇంకో పీడా?"

"మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు పెద్దమ్మా. ఒళ్లు కాలే జ్వరం ఉంటే ఆగండి, సరే. జలుబు లేని రోజు కోసం చూస్తూ కూర్చుంటే మీ మనవరాలికి పెళ్లీడు వస్తుంది. అందులో ఒక సూది నెమ్ముకు అడ్డంపడేదే."

అత్త నోరు మూసుకుంది. ఆ ఇంట్లో అది జరిగే పని కాదు.

నర్సమ్మ కూన గౌను పైకెత్తి, చేతి గడియారం చూస్తూ పొట్ట ఎగసిపడటాన్ని లెక్కపెట్టింది. "ముప్పై నాలుగు. ఇప్పటికి ఫర్వాలేదు. నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో మీరే ఇలా లెక్కపెట్టండి. నిమిషానికి నలభై, ఆపైన ఉంటే, లేదా డొక్కలెగరేస్తుంటే, నా కోసం చూడొద్దు, సీసా కోసం చూడొద్దు. నేరుగా ఆస్పత్రికే. ఆ అరలో ఏంటి, పాత మందా? తీసి పారేయండి."

"సగం ఉంది నర్సమ్మా" అంది అత్త బాధగా.

"సగం ఉందంటే సగమే వాడారనేగా. డాక్టరు ఎన్నాళ్లు వాడమంటే అన్నాళ్లూ వాడాలి." ఆమె గది అంతా కలియజూసింది. మూల ఆరిపోయిన దోమల కాయిల్ బూడిద. గుమ్మం పక్కన సిగరెట్టు పీకలు. "ఈ పీకలెవరివి?"

"మా వాడివి. గుమ్మంలో నిలబడే కాలుస్తాడు, లోపల కాదు."

"పొగకి గుమ్మం తెలుసా పెద్దమ్మా? అవతలే ఆగిపోవాలని ఎవరైనా చెప్పారా దానికి?"

దబ్బనమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నర్సమ్మ కిటికీ సందుల్లో కుక్కిన దూది పీకి రెక్కలు తెరిచింది. ఎండ ఒక పట్టీలాగా పిల్ల పరుపు మీద పడింది. నర్సమ్మ పరుపు మీద కూర్చోబోయి, చదును చేద్దామని అరచేత్తో ఒక్కసారి కొట్టింది.

ఆ ఎండ పట్టీలో దుమ్ము లేచింది. ఇంకోసారి కొట్టింది. ఇంకా లేచింది. సన్నటి నూగు, మెరుస్తూ, కిందికి దిగడానికి ఏ తొందరా లేనట్టు తేలుతూనే ఉంది. ముగ్గురు ఆడవాళ్లూ దానివైపే చూశారు. కూన తుమ్మింది.

"ఇందులో ఏం పెట్టారు?" అంది నర్సమ్మ మెల్లగా.

 ఆ దూది ఎక్కడినుంచి వచ్చిందో దబ్బనమ్మకు తెలుసు. కూన దాంట్లో ముఖం పెట్టి బోర్లా పడుకుంటుందని కూడా తెలుసు.  "నేనే" అంది చివరికి. "నేనే కుట్టాను."

"తెలిసి చేశావా ఏంటి" అంది నర్సమ్మ. ఓదార్పు కాదది, నిజం. కానీ ఆ నిజం దబ్బనమ్మకు ఎక్కడా అతకలేదు.

ఆ సాయంత్రం ఆమె పరుపు టాకాలన్నీ తెంపింది. ఆమె వేసిన టాకా తనంతట తాను ఊడదు కదా, ఒక్కొక్కటీ కత్తెరతో తెంపాల్సి వచ్చింది. కూన చాప మీదకు మారింది. కింద ఉతికిన దుప్పటి రెండు మడతలు. అంతే. మర్నాడు అత్త పిల్లను తీసుకెళ్లి ఒక టీకా వేయించింది, రెండోదానికి నెలాగి రమ్మన్నారు. దోమల కాయిల్ మానేసి, బజారునుంచి దోమతెర తెచ్చారు. కూన తండ్రి సిగరెట్టు కాల్చడానికి వీధి చివరిదాకా వెళ్లడం మొదలుపెట్టాడు. "పొగ తాగడానికి ఊరు దాటాల్సి వస్తోంది" అని సణిగాడు. తరవాత అంత దూరం నడవడం బద్ధకమై రోజుకు రెండుకు దిగాడు.

దబ్బనమ్మ అన్నిటికన్నా కష్టమైంది తన మీద పెట్టుకుంది. షెడ్డులోంచి రాగానే పిల్లను ఎత్తుకోకూడదు. ఒంటి మీద నూగంతా పోయేదాకా ముట్టుకోకూడదు. కానీ కొళాయి వచ్చేది ఏడింటికి. ఆరింటికి తల్లి గొంతు వింటే పిల్ల ఆగుతుందా? గుమ్మంలో చేతులు చాచి నిలబడేది. "వద్దే, నా దగ్గరికి రావద్దు, అత్తమ్మా దాన్ని పట్టుకోండి" అని ఈమె పెరట్లోనే గంటసేపు నిలబడేది. పిల్ల ఏడ్చేది. ఏడిస్తే దగ్గు వచ్చేది.  తరవాత పొద్దున్నే రెండు బకెట్లు పట్టి దాచుకుంది. అయినా తల్లో నూగు పోదు, ఎన్ని నీళ్లు పోసినా. ఒకరోజు జుట్టు మెడదాకా కత్తిరించుకుని వచ్చింది.

అత్త ముక్కున వేలేసుకుంది. "ఏంటే అమ్మాయ్ ఈ వేషం?"

"పిల్లకి నా జుట్టు కావాలా, నేను కావాలా అత్తమ్మా?"

"నాకు మాత్రం జుట్టున్న కోడలు కావాలే" అని అత్త గొణిగింది. కానీ ఆ పూట వంట తనే చేసింది.

ఇవన్నీ సరైన పనులే. నర్సమ్మ చెప్పిన ప్రతి మాటా సరైందే. కూన కొంచెం తేరుకుంది కూడా, మూడు వారాలు దగ్గు పలచబడింది. కానీ కిటికీ తెరిస్తే అవతల పెరట్లో కర్రలతో పాత పరుపులు బాదుతున్నారు. మూస్తే గదిలో గాలి కుళ్లిపోతోంది, గోడ మూలల్లో బూజు పడుతోంది. తెరవమన్నవాళ్లు మంచివాళ్లు. మూయమన్నవాళ్లూ మంచివాళ్లే. ఆ కిటికీకి అవతల ఏముందో చూసి చెప్పేవాళ్లే ఎవరూ లేరు. తల్లుల్ని కూర్చోబెట్టి శుభ్రం గురించి చెప్పడం తేలిక. దుమ్ము పుట్టే చోటికి వెళ్లి దుమ్మును ఆపమనడం కష్టం. అందుకే మనం ఎప్పుడూ తేలికైనదే చేస్తాం, చేసి తల్లికి తెలివి లేదంటాం.

దబ్బనమ్మ ఓనరు దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకుంది. ఒక్కతే వెళితే వినడని కుట్టేవాళ్లందర్నీ అడిగింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఏడుగురు చుట్టూ కూర్చున్నారు.

"రెండే అడుగుదాం" అంది. "ఆ గోడ పైన సందు ఇటుకలతో మూయించమని. పరుపులు కొట్టే పని పెరటి అవతలి చివరికి మార్చమని. మనక్కూడా మంచిదే. మీరందరూ దగ్గట్లేదా ఏంటి?"

అందరికన్నా పెద్దావిడ నిజంగానే అప్పుడే దగ్గుతోంది. దగ్గు ఆగాక అంది, "నాది పనిదగ్గే, ఇరవై ఏళ్లది. దానికి ఇప్పుడు ఓనరు దగ్గరికెందుకు?"

"నీకు గది ఉంది, మాకు లేదు" అంది ఇంకొకావిడ. "వసతి తీసుకున్నదానివి నువ్వు. నీ గోడ సంగతికి మా పని పోగొట్టుకోమంటావేంటే?"

"పని ఎందుకు పోతుంది, అడిగితే?"

"అడిగి చూడు, తెలుస్తుంది."

చివరికి అయిదుగురు లేచారు. ఓనరు గది గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి ముగ్గురు మిగిలారు. లోపలికి వెళ్లింది ఇద్దరు.

ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. "ఎలా ఉందమ్మా పాప?" అని అడిగాడు. అంతా విన్నాడు. "సందు మూయించడం ఎంతసేపు? మేస్త్రీని పిలిపిస్తాను. ఈ ఆర్డర్లు అయిపోనీ. పరుపులు కొట్టే చోటు మార్చాలంటే మాత్రం లారీ ఎక్కడ నిలబెడతాను చెప్పు? అవతలి చివర లారీ ఉంటుంది కదా. అయినా అమ్మా, నా పిల్లలూ ఈ దూదిలోనే పెరిగారు. ఏం కాలేదు."

ఓనరు పిల్లలు పెరిగింది మూడు వీధుల అవతల మేడ మీద. సెలవుల్లో ఎప్పుడైనా షెడ్డుకొచ్చి దూది కుప్ప మీద దూకి ఆడుకుని వెళ్లేవాళ్లు. దబ్బనమ్మకు అది గుర్తుంది. అనలేదు. నోరున్న మనిషే, కానీ ఆ నోరు విప్పితే సాయంత్రానికి గది పోతుంది. ఎంత పొడుగు మాటైనా అక్కడికొచ్చి ఆగిపోతుంది.

"ఆర్డర్లు ఎప్పటికి అవుతాయి సార్?"

"నెలా నెలన్నర."

ఈ కథలో దుర్మార్గుడు ఎవరని అడిగితే ఈ మనిషిని చూపించాలని ఎవరికీ అనిపించదు. మంచినీళ్లిచ్చాడు, పాపను అడిగాడు. కానీ లారీ నిలబడటానికి చోటుంది, పిల్ల ఊపిరి పీల్చడానికి లేదు. ఆ లెక్క వేసింది ఆయనే, చక్కగా, నవ్వుతూ.

మేస్త్రీ రాలేదు. ఓనరు చెప్పిన గడువుకు మూడు వారాలముందే కూనకు ముక్కు కారింది.

నాలుగోరోజు మధ్యాహ్నం, షెడ్డులో మిషను హోరుమంటోంది. అత్త తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో అరుస్తోంది. ఎవరికీ వినపడలేదు. పెద్దావిడ ముందుగా చూసి దబ్బనమ్మ భుజం తట్టింది. అత్త రెండు చేతుల్తో తన డొక్కలు పట్టుకుని, లోపలికీ బయటికీ ఆడించి చూపించింది. భర్త మిషను ఆపేశాడు. ఆ షెడ్డులో పని వేళ మిషను ఆగడం అదే మొదటిసారి.

గదిలో దబ్బనమ్మ ఫోనులో గడియారం పెట్టి లెక్కపెట్టింది. సగం నిమిషానికే ఇరవై ఎనిమిది. రెండోసారి లెక్కపెట్టలేదు. ఆటో పిలిచారు. పిల్లను ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చుంది. తన బట్టల నిండా నూగు. మార్చుకునే తీరిక లేదు. పిల్ల ముఖం తన ఛాతీకి తగలకుండా ఆస్పత్రిదాకా చేతులు చాచి పట్టుకుంది. చేతులు లాగేశాయి. అలాగే పట్టుకుంది.

ఆరు రోజులు.

"అన్నీ చేశాను డాక్టరమ్మా" అంది నాలుగోరోజు. "పరుపు తీసేశాను. పొగ లేదు. మందు పూర్తిగా పోశాను. చేతులు కడిగి గానీ ముట్టుకోవట్లేదు. ఒక టీకా వేయించాను, రెండోది ఈ నెల్లోనే. ఇంకేం చెయ్యమంటారు?"

డాక్టరమ్మ చీటీ మీంచి తలెత్తింది. "చేశావమ్మా. చేసినందుకే ఈసారి ముందే తెచ్చావు, ఈసారి ఇంకా ముదరలేదు. కానీ ఆ గదిలో ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. గది మార్చండి."

"గది మారిస్తే పని పోతుంది. పని పోతే ఇంకో గది రాదు."

డాక్టరమ్మ మందులు రాసింది. గదికి మందు ఏ షాపులోనూ దొరకదు.

అప్పటికి ఆడపడుచు ఆస్పత్రికి వచ్చి ఉంది. ఆమెది బస్సులో గంట దూరం. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు, రెండు వైపులా కిటికీలు. ముగ్గురు పిల్లలు, పెద్దవాళ్లయ్యారు, బడికి వెళ్తారు. మెట్ల దగ్గర నిలబడి అంది, "వదినా, నా దగ్గర పెట్టండి దాన్ని. అమ్మ కూడా వస్తుంది కదా, చూసుకుంటుంది. వేసవిదాకా ఉండనీ. వేసవికి మా బావగారి వాళ్లు మా ఇంటికి వచ్చేస్తారు, అప్పుడు కష్టం. అప్పటికి చూద్దాంలే."

దబ్బనమ్మ ఆమె చేతులు పట్టుకుంది. ఏం మాట్లాడలేదు.

"ఏంటి వదినా, దబ్బనం మొద్దుబారిందా?" అని నవ్వించబోయింది ఆడపడుచు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

కూన అటు వెళ్లింది. నాయనమ్మా అటే వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు. భార్యాభర్తలకు ఆరింటికి పరుగెత్తుకొచ్చి స్నానం చేయాల్సిన పని లేదు. కొళాయి ఏడింటికి వచ్చినా ఎనిమిదింటికి వచ్చినా ఒకటే. అయినా దబ్బనమ్మ పొద్దున్నే రెండు బకెట్లు పట్టి పెడుతూనే ఉంది. 

సెలవు ఆదివారం ఒక్కటే. పొద్దున్నే తలంటుకుని, ఆ గదిలో పెట్టని బట్టలు, అంటే ఆడపడుచు ఇంట్లోనే ఉంచినవి, అక్కడికి వెళ్లాకే వేసుకుని, అప్పుడు పిల్లను ఎత్తుకునేది. మొదటి ఆదివారం కూన రాలేదు, నాయనమ్మ వెనక దాక్కుంది. రెండో ఆదివారం వచ్చింది. నాలుగో ఆదివారానికి ముక్కు కారడం లేదు. రెండో టీకా అయిపోయింది. అయిదో వారం బడిలో ఎవరికో జలుబు చేసి, ఆడపడుచు చిన్న కొడుక్కి వచ్చి, వాడినుంచి కూనకు వచ్చింది. దబ్బనమ్మకు ఫోను వచ్చినప్పుడు ఆమె పరుపు మీద కూర్చుని ఉంది. దబ్బనం అలాగే గుచ్చి వదిలేసి బయటికి పరుగెత్తింది.

"ఎంత?" అంది.

"ముప్పై" అంది ఆడపడుచు. "రెండుసార్లు లెక్కపెట్టాను."

నాలుగు రోజులు ముక్కు కారింది. అయిదోరోజు తగ్గిపోయింది. అంతే. మామూలు పిల్లలకు జలుబు వచ్చినట్టు వచ్చి, మామూలు పిల్లలకు పోయినట్టు పోయింది. ఆ మాట విని దబ్బనమ్మ షెడ్డు బయట గోడకు ఆనుకుని నిలబడిపోయింది. సంతోషం అనుకున్నారు చూసినవాళ్లు. అది సంతోషమే. కానీ పిల్లకు పట్టిన జబ్బు పిల్లలో లేదని, తాము నలుగురూ ఉన్న ఆ గదిలో ఉందనడానికి, దాన్ని మించిన రుజువు ఇంకొకటి ఉండదు. ఆ రుజువు తీసుకుని ఏ ఆఫీసుకు వెళ్లాలో ఆమెకు తెలియదు. మనలో ఎంతమందికి తెలుసు?

తొమ్మిదో ఆదివారం భర్త కూడా వచ్చాడు. కూన ఆ రెండు గదులూ చుట్టి పరిగెడుతోంది. గడప దాటి, మంచం చుట్టూ తిరిగి, మళ్లీ గడప. ఆయాసం లేదు. నోరు మూసుకునే పరిగెత్తుతోంది. అతను చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"బాగైపోయింది కదా" అన్నాడు. "ఇంటికి తీసుకెళ్దాం. ఇంకెన్నాళ్లు చెల్లెలి మీద పడేస్తాం?"

"నా మీద బరువేం లేదు అన్నయ్యా" అంది ఆడపడుచు వంటగదిలోంచి.

"నీ సంగతి కాదే. నా సంగతి. ఆ గదిలో నాకు నిద్ర పట్టట్లేదు. ఏమే, నువ్వు చెప్పు."

దబ్బనమ్మ కూన వంక చూసింది. "బాగైంది" అంది. "ఇక్కడ ఉంది కాబట్టి బాగైంది. అక్కడికి తీసుకెళ్తే మళ్లీ నెల తిరక్కుండా గొట్టం పెట్టించుకుని కూర్చోవాలి."

"గోడ సందు మూస్తానన్నాడుగా ఆయన."

"మూశాడా?"

 మేస్త్రీ ఇంతవరకూ రాలేదని ఇద్దరికీ తెలుసు. కొత్త ఆర్డర్లు వచ్చాయని కూడా తెలుసు.

"వేసవికి ఏం చేస్తావు మరి?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వాళ్ల వాళ్లు వస్తే?"

"తెలీదు."

ఆమె నోటినుంచి అంత పొట్టి సమాధానం రావడం అతను ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం బస్సు వేళకు లేచారు. ఇన్ని ఆదివారాల్లో కూన ఆ సమయానికి ఆటలో పడి పట్టించుకునేది కాదు. ఈసారి తల్లి బట్టలు మార్చుకోవడం చూసింది. ఆ బట్టలు వేసుకుంటే వెళ్లిపోతుందని ఎప్పుడు నేర్చుకుందో. పరిగెత్తుకొచ్చి మోకాళ్లను వాటేసుకుంది.

"అమ్మా, నేనూ."

"అత్త దగ్గర, నాయనమ్మ దగ్గర ఉండమ్మా."

"నేనూ వస్తా."

నాయనమ్మ వచ్చి లాగబోయింది. పిల్ల వదల్లేదు. ఏడవడం మొదలుపెట్టింది, గట్టిగా, గుండె నిండా గాలి తీసుకుని. ఎక్కడా పిల్లికూత లేదు. ఎంత గట్టిగా ఏడవగలదో ఆ రోజే మొదటిసారి తెలిసింది అందరికీ. దబ్బనమ్మ కిందికి వంగి ఒక్కొక్క వేలూ విప్పింది. పదీ విప్పాక, పిల్లను ఆడపడుచు చేతికిచ్చి, మెట్లు దిగింది. రెండో అంతస్తునుంచి వీధిదాకా ఆ ఏడుపు వినపడుతూనే ఉంది. భర్త వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చూడలేదు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.